మెదకు దేవళము - గోథిక్ శిల్పము దేశదేశముల మారిన తీరు



మెదకు పట్టణమున ఒక గొప్ప క్రైస్తవ దేవాలయము కలదు. దాని నిడివి 200 అడుగులు. వెడల్పు 100 అడుగులు. ముందరి గోపురము 175 అడుగుల యెత్తు. 1914లో పని యారంభించి, పదేండ్లు కట్టి, 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ చేసిరి. దానిని చూచి వచ్చిన మన పలనాటివారు సాధారణముగా రెండు మాటలు చెప్పుచుందురు. "ఎంత పెద్దదో!" యనునది యొకటి. "అచ్చముగా సీమ కట్టడము, మనదేమున్నది?" యనునది రెండవది. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండవ మాటను గుఱించియే నేడు నాలుగు ముక్కలు మనవి చేసికొన దలచినాను.

సీమ కట్టడమనగా ఏ సీమ? ఈ ప్రశ్న అడిగినచో చెప్పువాడు తడబడును. మన దేవాలయములనే చూడుడు. కోణార్కము, తంజావూరు బృహదీశ్వరము, మాచర్ల చెన్నకేశవుని కోవెల, మూడును హిందూ దేవాలయములే. ఆ మూటిని చూచినవాడెవడును అవి యొక్క తీరున నున్నవనడు. నాగరము, ద్రావిడము, వేసరము అని మన శిల్పశాస్త్రమే రీతులను విడదీసినది. మెదకు దేవళమునకు మూలమైన శిల్పమును గోథిక్కు అందురు. అదియును అట్లే. పుట్టిన దేశమున ఒక తీరు, ఏఱు దాటగానే మఱియొక తీరు, కొండ దాటగానే వేఱొక తీరు.

గోథిక్కు అను పేరు తిట్టుగా పుట్టినది. గోతులనగా రోమను సామ్రాజ్యమును పాడుచేసిన అనాగరకులని ఇటలీవారి భావము. పదునాఱవ శతాబ్దపు ఇటలీ పండితులకు ఈ సూదిమొన కమానులు నచ్చక, ఇది అనాగరకుల కట్టడమని యీసడించిరి. గోతులకును దీనికిని ఏ సంబంధమును లేదు. కట్టుచున్న కాలమున పొరుగు దేశములవారు దీనిని ఫ్రాన్సువారి పనితనము అని మాత్రమే పిలిచిరి. ఆ మాట నిజము. ప్యారిసు నగరపు దాపున సెయింట్ డెనీ మఠమున, మఠాధిపతి సూజే కట్టించిన గర్భాలయ భాగము 1144లో ప్రతిష్ఠితమైనది. ఈ శిల్పమునకు అదియే నాందియని చెప్పుదురు. పలనాటి యుద్ధము 1182 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులు చెప్పుట మీ రెఱుగుదురు. దానికి సుమారు నలువది యేండ్ల ముందటి మాట యిది.

దీని మర్మము కొంత చెప్పక విడిచినచో తరువాతి కథ తెలియదు. మన గుడులలో కంబము, కంబముపై దూలము, దూలముపై బండ. రాతి దూలమును ఎంత పొడవున వేయగలము? కొంత దూరమైన తరువాత నడుమ విఱుగును. అందుచేత మండపము పెద్దదైనకొలది కంబములు పెరుగును. మనకు అది లోటు కాదు. మన దేవుడు చిన్న గర్భగుడిలో కొలువుండును. భక్తుడు ఒక్కొక్కడుగా వచ్చి దర్శించి పోవును. వారి ఆరాధన అట్టిది కాదు. ఊరు ఊరంతయు ఒక్క వేళ ఒక్క కప్పు క్రింద చేరి, బలిపీఠమును కన్నులార చూడవలెను, బోధ వినవలెను. కంబములు అడ్డు రాగూడదు. అందుకు కమాను కప్పు కావలసి వచ్చెను.

కమానుకు ఒక దుర్గుణము కలదు. అది నిలుచున్నంత కాలము ప్రక్కలకు త్రోయుచునే యుండును. నేను బడిలో చరిత్ర చెప్పు దినములలో ఇద్దఱు బాలురను ఎదురెదురుగా నిలిపి, చేతులు చాపి అరచేతులు ఆనించి, ముందునకు వాలుమనెడివాడను. వాలినంతనే వారి కాళ్లు వెనుకకు జాఱును. ఇంకిద్దఱిని తెచ్చి వారి మడమల వెనుక కూర్చుండ బెట్టినచో నిలుతురు. అంతే శాస్త్రము. గుండ్రని కమాను ఎక్కువగా త్రోయును. పైగా దాని యెత్తు వెడల్పులో సగమే యుండవలెను. సూదిమొన కమాను తక్కువగా త్రోయును. ఎంత యెత్తు కావలసిన అంత యెత్తు లేపవచ్చును. కప్పు బరువును రాతి బద్దలమీదికి తెచ్చి, బద్దలనుండి కంబములకు దింపి, త్రోపును ఆపుటకు గోడ వెలుపల దూరముగా రాతి దిమ్మెలు నిలిపి, వానినుండి గోడకు అర కమానులు వైచిరి. మడమల వెనుక కూర్చున్న బాలురు ఆ దిమ్మెలే. ఇంతతో గోడకు బరువు మోయు పని తప్పినది. గోడ తీసివేసి అంతటను రంగుటద్దములు పెట్టినను కట్టడము నిలుచును.

ఆ దినములలోనే మన కాకతీయుల స్థపతులకు ఇట్టి చిక్కే వచ్చినది. పాలంపేట రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. శిఖరపు బరువు క్రింది రాతిపై పడకుండుట యెట్లు? వారు కమాను జోలికి పోలేదు. నీటిపై తేలునంత తేలికైన ఇటుకలు కాల్చి శిఖరము లేపిరి. ఫ్రాన్సువారు బరువును ప్రక్కకు మళ్లించిరి. మనవారు బరువునే తగ్గించిరి. ఎవరిది మేలని నన్నడిగినచో నేను తీర్పు చెప్పను గాని, రెండును ఒక్క తరమువారి బుద్ధులని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఇక రీతి భేదములకు వత్తును. 1220వ సంవత్సరమున రెండు గొప్ప చర్చీలకు పునాదులు పడినవి. ఫ్రాన్సులో అమియెన్సు, ఇంగ్లండులో సాల్సుబరీ. నడుమ నున్నది సన్నని సముద్రపు పాయ మాత్రమే. పుట్టిన యేడు ఒకటే, మతము ఒకటే, శిల్పము పేరును ఒకటే. అమియెన్సు నడిమి కప్పు 139 అడుగుల యెత్తు. సాల్సుబరీ కప్పు 84 అడుగులు. ఫ్రాన్సువాడు ఆకాశము చూచినాడు. ఇంగ్లీషువాడు నేలవెంబడి పొడవుగా సాగినాడు. చేజర్ల కపోతేశ్వరస్వామి గుడి చూచినవారు మీలో పలువురుందురు. బౌద్ధ చైత్యముగా పుట్టి శివాలయమైన ఆ గుడి వెనుక కొస ఏనుగు పిఱుదువలె గుండ్రముగా నుండును. మనము గజపృష్ఠ మందుము. అమియెన్సు వెనుక కొస అట్లే గుండ్రము. సాల్సుబరీ కొస చక్కగా కోసిన పెట్టెవలె చదరము. సాల్సుబరీ ప్రధానాంగము 1258 నాటికి ముగిసినది. తరువాతి తరమువారు దాని నడినెత్తిన 404 అడుగుల సూదిగోపురము నిలిపిరి. పొట్టివాడు తలపాగా చుట్టి పొడవు తీర్చుకొన్నట్లున్నదని నాకు తోచును. చూచినవారు మాత్రము అంతకన్న సొంపైన గోపురము లేదందురు.

ఫ్రాన్సువారి ఈ యెత్తుల పందెము ఒక చోట చెడినది. బోవే యను పట్టణమువారు అమియెన్సును మించవలెనని 157 అడుగుల కప్పు వైచి 1272లో ముగించిరి. పండ్రెండేండ్లకు, 1284లో, కప్పులో కొంత భాగము కూలెను. మఱల కట్టిరి. పదునాఱవ శతాబ్దమున దానిపై పెద్ద గోపురము నిలిపిరి. 1573లో అదియును పడెను. ఆ చర్చి ముందు భాగము నేటికిని లేదు. వెనుక సగము మాత్రమే యున్నది.

ఒక దేశపు విద్య మఱియొక దేశమున ఎట్లు వేళ్లు పాఱునో తెలియుటకు కాంటర్‌బరీ కథను మించినది లేదు. 1174లో ఇంగ్లండులోని ఆ చర్చి గర్భాలయ భాగము కాలిపోయినది. తిరిగి కట్టుటకు ఫ్రాన్సునుండి సాన్సు విలియము అను స్థపతిని పిలిపించిరి. అతడు కాన్ అను చోటి తెల్లని మెత్తని సున్నపురాయిని ఓడలపై సముద్రము దాటించి తెప్పించెను. పని సాగుచుండగా 1178లో పరంజా విఱిగి సుమారు 50 అడుగుల యెత్తునుండి పడెను. చావు తప్పినది గాని నడుములు పోయినవి. కొంతకాలము మంచముమీదినుండియే పని చెప్పి, ఇక కాదని స్వదేశమునకు మరలెను. అతని చోట నిలిచినవాడు మఱియొక విలియము, ఇతడు ఇంగ్లీషువాడు. 1184 నాటికి ఇతడే ముగించెను. జెర్వేసు అను సన్న్యాసి ఇదంతయు కన్నులార చూచి వ్రాసి పెట్టుటచేత మనకు తెలిసినది. మన గుడుల స్థపతులను గుఱించి ఇట్లు వ్రాసి పెట్టిన పుణ్యాత్ముడు ఒక్కడున్నను ఎంత బాగుండెడిది!

సాల్సుబరీలోను కాంటర్‌బరీలోను నల్లగా నిగనిగలాడు సన్నని కంబములు కలవు. వానిని పర్‌బెక్ పాలరాయి యందురు. పేరు పాలరాయియే గాని అది పాలరాయి కాదు. నునుపు పెట్టిన మెఱయు సున్నపురాయి. ఈ మాట వినగానే మన పలనాటివారు నవ్వవలెను. మన పలనాటి పాలరాయియు అంతే కదా! అమరావతి స్తూపపు శిల్పములు, నాగార్జునకొండ శిల్పములు ఆ రాతివే. అదియును నిజమైన పాలరాయి కాదు. లేత ఆకుపచ్చ చాయగల సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీలలో కాలి సున్నమగునదియు ఆ జాతియే. మెత్తగా నుండి ఉలికి లొంగుటచేతనే ఆ శిల్పులు బుద్ధుని కథలను వేలెడంత బొమ్మలలో నింపగలిగిరి. నల్లసానపై ఆ పని చేయబోయిన ఉలి విఱుగును. రాయి ఎట్టిదో శిల్పము అట్టిదగును. ఈ మాట అమరావతికిని చెల్లును, అమియెన్సుకును చెల్లును.

రాయియే లేని సీమవారు ఏమి చేసిరి? జర్మనీ ఉత్తర తీరమున మెఱకలు లేవు, క్వారీలు లేవు. బంకమన్ను మాత్రము కావలసినంత. ల్యూబెక్ వర్తకులు తమ మేరీమాత చర్చిని ఎఱ్ఱని ఇటుకతో లేపిరి. దాని కప్పు 126 అడుగుల యెత్తున నిలిచినది. ఇటుకను రాతివలె జల్లెడలుగా, ఆకులుగా చెక్కుటకు వీలులేదు. అందుచేత గోడలు నున్నగా, కొండ నిలువునవలె కనబడును. ఆ బోసితనమే వానికి గాంభీర్యము. జర్మనీలోనే మఱికొన్ని చోట్ల నడిమి సాలను, ప్రక్క సాలలను ఒక్క యెత్తున లేపి, అంతయు ఒక్క పెద్ద మండపమువలె చేసిరి. మార్బుర్గులో 1235లో ఆరంభించిన ఎలిజబెత్తమ్మ చర్చి ఆ తీరుది. కొలోను చర్చి మాత్రము పూర్తిగా ఫ్రాన్సు మార్గమున పోయి, 1248లో మొదలై, నడుమ కొన్ని వందల యేండ్లు ఆగి, 1880లో ముగిసినది. దానిని కట్టినవారి సహనమును మెచ్చుకొని ముందునకు పోవుదము.

ఇటలీ సంగతి వేఱు. అచట ఎండ ఎక్కువ. గోడలంతయు అద్దములు చేసినచో లోపల కూర్చున్నవాడు ఉడికిపోవును. పైగా వారికి గోడలమీద చిత్తరువులు వ్రాయు సంప్రదాయము కలదు. గోడ తీసివేసిన చిత్తరువు ఎక్కడ వ్రాయుదురు? అందుచేత గోడలుంచి కిటికీలు తగ్గించిరి. ఫ్లారెన్సులో 1294లో ఆరంభించిన సాంతా క్రోచేకు రాతి కప్పే లేదు. దూలములపై కొయ్య కప్పు. మిలాను నగరమున 1386లో ఒక మహా దేవాలయమునకు పూనుకొనిరి. కాందోల్యా గనుల పాలరాతిని సరస్సులమీదను కాలువలమీదను పడవలలో నగరమునకు చేర్చిరి. ఎత్తెంత, కంబముల లావెంత యని ఉత్తరదేశపు స్థపతులకును అచటి మేస్త్రీలకును ఏండ్ల తరబడి వాదములు నడచినవి. ప్యారిసునుండి వచ్చిన మిన్యో యను స్థపతి, మీ కంబములు చాలవు, ఆనుదిమ్మెలు చాలవు, శాస్త్రమునకు విరుద్ధము, ఇది కూలునని 1400 ప్రాంతమున గట్టిగా వాదించెను. మేస్త్రీలు వినలేదు. మా చేతులకు తెలిసినది మాకు తెలియునన్నట్లు కట్టుకొనిపోయిరి. మిన్యోను పంపివేసిరి. ఆ చర్చి ఆఱు వందల యేండ్లనుండి నిలిచియే యున్నది. శాస్త్రమును నేను తక్కువ చేయను. శాస్త్రము చదివియే నేనును బ్రతికినాను. కాని ఒక దేశపు శాస్త్రము మఱియొక దేశపు ఎండకును రాతికిని సరిపడునా లేదా యని చూడవలసినవాడు ఆ దేశపు పనివాడే.

ఇప్పుడు మెదకునకు వత్తును. అది నడికాలపు కట్టడము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండువారు తమ పాత గోథిక్కును మఱల తలకెత్తుకొన్నప్పటి వేడి తగ్గకముందు కట్టినది. కట్టించినవాడు వెస్లియను మెథడిస్టు సంఘపు మతబోధకుడు చార్లెస్ వాకర్ పోస్నెట్టు. నమూనా గీచినవాడు థామస్ ఎడ్వర్డ్ హార్డింగు. పోలికలో అది ఇంగ్లండు శాఖకు చెందినది. అమియెన్సువలె రెండు ముఖగోపురములు లేవు. ఇంగ్లండు పల్లెల చర్చీలకున్నట్లు ముందర ఒక్కటే గోపురము. అంతవరకు సీమ కట్టడమనుట ఒప్పుకొందును.

కాని రాయి సీమది కాదు. మెదకు చుట్టును ఉన్నది గ్రానైటు. కాకతీయుల నాటినుండియు పేరొందిన మెదకు దుర్గము ఆ జాతి గుట్టమీదనే యున్నది. కాన్ రాతివలె, మన పలనాటి రాతివలె అది ఉలికి సులువుగా లొంగదు. అమియెన్సు ముఖద్వారముల చుట్టును వందలాది ప్రతిమలు కలవు. మెదకులో అట్టి ప్రతిమల వరుసలు లేవు. మెథడిస్టులు ప్రతిమారాధకులు కాకుండుట ఒక కారణము. ఆ రాతి కాఠిన్యము రెండవ కారణమని నా నమ్మకము. అందుచేత ఆ కట్టడము నునుపైన గోడలతో, గట్టి గీతలతో, ఒక విధముగా ల్యూబెక్కువారి ఇటుక చర్చివలె బోసిగా, బలముగా నిలిచినది. నేలమీది రంగుపలకలు మాత్రము బ్రిటనునుండి వచ్చినవి. నాకు ఆ పలకలకన్న రాయియే ముచ్చట.

చేతులును సీమవి కావు. అవి కఱవు దినములు. పొట్ట చేతబట్టుకొని వచ్చినవారికి ఊరక పిడికెడు గింజలు పెట్టుటకన్న పని చూపి తిండి పెట్టుట మేలని పోస్నెట్టు ఈ కట్టడమునకు పూనెనని చెప్పుదురు. కఱవున పని చూపుట మన దేశమునకు క్రొత్త కాదు. 1876-78 నాటి మహా కఱవులో బకింగుహాము కాలువను త్రవ్వించినది కఱవు కూలీల చేతనే. నందన కఱవు కథలు పెద్దల నోట విన్న మన గుంటూరు సీమవారికి కఱవున దొరికిన కూలి విలువ యెట్టిదో వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆ పదేండ్లు ఆ రాళ్లు మోసి, చెక్కి, ఎత్తినవారిలో అమియెన్సు పేరు విన్నవా డొక్కడైన నుండునా? అయినను సూదిమొన కమాను వారి చేతులలో నిలిచినది. తెలుగు సీమ కాసెవాని తాత ముత్తాతలు దూలము కంబములవారు. మనుమడు కమాను కట్టినాడు. కాంటర్‌బరీలో ఫ్రాన్సు విలియము చేతినుండి ఇంగ్లీషు విలియము చేతికి విద్య వచ్చినప్పుడు అది ఇంగ్లీషువారిది కాలేదా? మెదకులో మాత్రము మనది ఎందుకు కాదు?

ఈ మాట చెప్పుటకు నాకు వేఱొక కారణమును కలదు. ఈ నడుమ మన యూళ్లలో జీర్ణోద్ధరణ మను పేర పాత నాపరాతి మండపములు, సున్నము దంచి కట్టిన గోపురములు పడగొట్టి, ఎక్కడిదో ఒక పటము తెచ్చి, దాని ప్రకారము సిమెంటు గోపురము పోసి, మెఱుపు రంగులు పూయుచున్నారు. ఏ యూరికి పోయినను ఒకే అచ్చు. మాచర్ల కోవెలకు దాని తీరు, చేజర్లకు దాని తీరు ఉన్నట్లు, ఆ పాత మండపములకును వాని తీరు ఉండెడిది. సముద్రము దాటి వచ్చిన శిల్పము మెదకు రాతికి తలవంచి మాఱినది. పొరుగు జిల్లానుండి వచ్చిన పటము మన రాతిని ఆనవాలైన లేకుండ చేయుచున్నది. ఊరి పెద్దలు మీరే గనుక, పాత కంబమును పడగొట్టుటకు గునపము ఎత్తినవానిని ఒక్క దినము ఆగుమని చెప్పగలిగినవారును మీరే.

మెదకు దేవళపు రంగుటద్దముల మాట మిగిలినది. గోథిక్కు శిల్పమునకు ప్రాణము వెలుగు. ఆ అద్దములను వెలుపల నిలిచి చూచిన ఏమియు తెలియదు. లోపల నిలిచి, వెలుపల ప్రొద్దుండగా చూడవలెను. రాత్రి ఎన్ని దీపములు పెట్టినను బొమ్మ కనబడదు. వానికి బొమ్మలు కూర్చినవాడు ఫ్రాంక్ సాల్సుబరీ యను ఇంగ్లీషు చిత్రకారుడు. ప్రతిష్ఠ నాటికి అవి లేవు. క్రీస్తు స్వర్గారోహణము 1927లో వచ్చినది. జననము 1947లో వచ్చినది. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినదియు ఆ యేడే. సిలువ దృశ్యము 1958లో వచ్చినది. అప్పటికి నైజాము రాజ్యము లేదు. మెదకు ఆంధ్రప్రదేశములో చేరి రెండేండ్లయినది.